పరమాణు గర్భము – రేడియో ధార్మికత

అణుబాంబు, అణువిద్యుత్తు అను మాటలు విననివారు నేడు పల్లెలలో సైతము లేరు. అయినను పరమాణువనగా నేమో, దాని నుండి వెలువడు కిరణము లెట్టివో ఎరిగినవారు తక్కువ. ఇది శాస్త్రజ్ఞుల విషయమని పంచాయతీ సభ్యులు త్రోసివేయరాదు. పాత ఇనుము కొను బండి రాని ఊరు లేదు. ఆ బండికిని ఈ విద్యకును గల సంబంధము ముందు తెలియగలదు.

ఇనుము, నీరు, మన్ను, మన శరీరము – సమస్తమును పరమాణువులచే ఏర్పడినవి. సుమారు ఒక కోటి పరమాణువులను వరుసగా పేర్చినగాని మిల్లీమీటరు పొడవు కాదు. ఇంత సూక్ష్మమైన పరమాణువు సైతము నిండుగా లేదు. దాని బరువు దాదాపు అంతయు నడుమనున్న మిక్కిలి చిన్న కేంద్రకము నందే యున్నదని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చిచెప్పెను. పరమాణువును ఒక కిలోమీటరు వెడల్పు గల ఊరనుకొన్నచో, కేంద్రకము ఆ ఊరి రచ్చబండపై నుంచిన రేగుపండంత. తక్కిన చోటులో ఎలక్ట్రానులు సంచరించుచుండును.

కేంద్రకములో ప్రోటానులు, న్యూట్రానులు కలవు. ప్రోటానుల సంఖ్యను బట్టియే మూలకమునకు పేరు. ఇరువది ఆరు ఉన్నచో ఇనుము, ఇరువది ఏడు ఉన్నచో కోబాల్టు, తొంబది రెండు ఉన్నచో యురేనియము. కట్టె మండుట, ఇనుము త్రుప్పు పట్టుట, పాలు తోడుకొనుట – ఇవన్నియు ఎలక్ట్రానుల వ్యవహారములు. ఇవి కేంద్రకమును అంటవు. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నచో తక్కినది సులభము.

కొన్ని కేంద్రకములకు నిలకడ లేదు. అవి తమంతట తామే మార్పుచెందుచు కిరణములను వెలువరించును. ఇదియే రేడియో ధార్మికత. 1896లో ఫ్రాన్సు దేశీయుడగు బెక్వెరెల్ యురేనియము లవణములలో దీనిని కనుగొనెను. మన కడప జిల్లా తుమ్మలపల్లె వద్ద భూగర్భములో నున్నదియు ఆ యురేనియమే. ఈ కిరణములు మూడు విధములు. ఆల్ఫా కిరణములను కాగితము ఆపగలదు. బీటా కిరణములకు పలుచని అల్యూమినియము రేకు చాలును. గామా కిరణములకు మాత్రము దళసరి సీసము గాని కాంక్రీటు గోడ గాని కావలెను. ఆల్ఫా కిరణములను అల్పముగా నెంచరాదు. వానిని వెలువరించు ధూళి శ్వాసతోనో ఆహారముతోనో లోనికి పోయినచో మిక్కిలి హాని చేయును.

కేంద్రకము మంటకు లొంగదు గదా! కావున రేడియో ధార్మిక పదార్థమును కాల్చినను, కరిగించినను, నీటిలో పడవేసినను దాని గుణము పోదు. కాలమొక్కటే దానిని తగ్గించును. సగము తగ్గుటకు పట్టు కాలమును అర్ధజీవిత కాలమందురు. యురేనియములో అధిక భాగమునకు ఇది సుమారు 450 కోట్ల ఏండ్లు; క్యాన్సరు చికిత్సలో వాడు కోబాల్టు–60కి ఐదేండ్ల మూడు మాసములు.

ఢిల్లీ నగరములో ఒక విశ్వవిద్యాలయమందు 1985 నుండి మూలబడియున్న కోబాల్టు–60 పరికరమును 2010లో పాత సామానుగా వేలము వేసిరి. ఆ ఇరువది ఐదేండ్లలో దాని శక్తి తగ్గి తగ్గి సుమారు ఇరువది ఏడవ వంతు మాత్రమే మిగిలెను. ఆ మిగిలినదే, మాయాపురి పాత ఇనుము బజారులో పరికరమును విడదీసినప్పుడు, ఒకని ప్రాణము తీసి పలువురను ఆసుపత్రి పాలు చేసెను.

బ్రెజిల్ దేశములోని గోయానియా నగరమున 1987లో ఇంతకంటె ఘోరము జరిగెను. పాడుబడిన వైద్యశాల నుండి ఇద్దరు ఒక చికిత్సాయంత్రపు భాగమును తీసికొనిపోయి పాత ఇనుము వర్తకునకు అమ్మిరి. లోపలి సీజియము–137 పొడి చీకటిలో నీలముగా మెరయుచుండెను. వింతగా నున్నదని బంధుమిత్రులకు పంచిపెట్టిరి. ఇంటివారు జబ్బుపడుచుండగా, దీనికి ఆ పొడియే కారణమని గ్రహించినది వర్తకుని భార్య. ఆమె దానిని సంచిలో పెట్టించి ఆరోగ్య అధికారుల వద్దకు చేర్చెను. అప్పటికి రెండు వారములు గడచినవి. ఆమెయు, ఆరేండ్ల బాలికయు, మరి ఇద్దరును మరణించిరి. సుమారు 1,12,000 మందిని పరీక్షింపగా 249 మందికి ఆ పదార్థము అంటియున్నట్లు తేలెను. బాలికను ఖననము చేయునపుడు జనులు భయముతో గుమిగూడి రాళ్ళు రువ్విరి.

ఆ భయమును గూర్చి ఒక మాట. బయటినుండి గామా కిరణములు సోకినవాడు ఇతరులకు ప్రమాదకారి కాడు. దీపపు వెలుగు పడినవాడు దీపము కాడు. ధూళి అంటినవాని సంగతి వేరు. వాని బట్టలు విప్పించి సంచిలో మూటగట్టి వేరుగా నుంచవలెను. సబ్బుతో, నీటితో ఒడలు శుభ్రపరచవలెను. వానిని వెలివేయుట ఎంతమాత్రము తగదు.

పసుపుపచ్చని నేలపై నడుమ చుక్క, దాని చుట్టు మూడు రెక్కలు – ఇది రేడియో ధార్మికతకు గుర్తు. బాటసారికి సైతము బోధపడునట్లు, కపాలమును, పారిపోవు మనిషిని చూపు ఎర్రని త్రికోణమును 2007లో ప్రవేశపెట్టిరి. ఈ రెంటిని పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట మంచిది. అట్టి గుర్తు గల పెట్టె గాని, పరిమాణమునకు మించిన బరువు గల సీసపు డబ్బా గాని ఊరిలో కనబడినచో పగులగొట్టనీయరాదు, బావిలో వేయరాదు. చిన్న వస్తువైనచో దూరము రెట్టింపైనకొలది కిరణముల తాకిడి నాలుగవ వంతుకు తగ్గును. కావున ముందు జనులను దూరముగా పంపి, 112 సంఖ్యకు ఫోను చేసి, కలెక్టరు కార్యాలయమునకు తెలుపవలెను. ఆ వస్తువును ఎవరెవరు ముట్టిరో, ఎంతసేపు దాని దగ్గర నుండిరో కాగితముపై వ్రాసియుంచినచో వైద్యులకు మొదట అక్కరకు వచ్చునది అదియే.