పేరును బట్టి పనిచేసే యంత్రం

ఒకే వస్తువు మీద, ఒకే పరిస్థితులలో, ఒకే ప్రయోగం ఎన్నిసార్లు చేసినా ఫలితం ఒకటే రావాలని ప్రయోగశాలలో మనకు మొదటి రోజునే చెప్తారు. మరి ఒకే కంప్యూటరులో విండోస్ ఉన్నప్పుడు పనిచేసిన మీట, లినక్స్ వేయగానే ఎందుకు పనిచేయదు? యంత్రం పాడైందందామా? విండోస్‌లో బాగానే ఉందాయె. లినక్స్‌లోనే లోపం ఉందందామా? పక్క గదిలో మిత్రుని కంప్యూటరులో అదే లినక్స్ చక్కగా నడుస్తున్నది.

ఈ చిక్కు నాకు స్వయంగా ఎదురైంది. వడ్ల పైసలు వచ్చినంక నాయన నాకొక పాత లాప్‌టాప్ కొనిచ్చిండు. అందులో విండోస్ నత్తనడక నడుస్తుంటే లినక్స్ వేసుకున్నాను. వేగం పెరిగింది గాని తెర వెలుతురు తగ్గించే మీట పనిచేయడం మానేసింది. రాత్రిపూట కళ్ళు మంట, బ్యాటరీ రెండు గంటలు కూడా ఆగదు. చూసినవాళ్ళంతా "తెర పోయింది, మార్పించు" అన్నారు. కొత్త తెరకు డబ్బు ఎక్కడిది? అందుకని కారణం వెతకవలసి వచ్చింది. తెలిసింది తోటి విద్యార్థులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి?

మా బాయికాడ కరెంటు నేరుగా మోటారుకు పోదు. మధ్యలో స్టార్టరు డబ్బా ఉంటది. మూడు ఫేజులు సరిగ్గా వచ్చినాయా అని చూసి, వస్తేనే మోటారును నడిపిస్తది. కంప్యూటరులో ఇలాంటి పని చేసేది ఫర్మ్‌వేర్. ఇది తయారీదారు ఒక చిప్‌లో రాసిపెట్టిన ప్రోగ్రాము. మీట నొక్కగానే మొదట లేచేది ఇదే. మెమరీని, కీబోర్డును, డిస్కును పరీక్షించి, ఆ తరువాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో దీని పేరు బయాస్. నేటి యంత్రాలలో యూఈఎఫ్ఐ.

ఐతే పగ్గాలు అప్పగించినంత మాత్రాన దాని పని అయిపోదు. బ్యాటరీ, ఫ్యాను, తెర వెలుతురు, మూత మూస్తే నిద్రపోవడం – ఇవి ఒక్కొక్క కంపెనీ యంత్రంలో ఒక్కొక్క తీరుగా ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అవన్నీ ముందే తెలియవు. అందుకని 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. దీని ప్రకారం తయారీదారు తన యంత్రాన్ని నడిపే విధానాన్ని చిన్న చిన్న ప్రోగ్రాములుగా ఫర్మ్‌వేర్‌లో రాసిపెడతాడు. ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని చదివి అమలు చేస్తుంది. పురుగుమందు డబ్బాతోపాటు వాడే విధానం రాసిన కాగితం వస్తుంది కదా, ఇదీ అట్లాంటిదే.

"నీవు విండోస్‌వేనా?"

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ కాగితంలో ఒక ప్రశ్న కూడా రాసి ఉంటుంది. "నీకు విండోస్ 2009 తెలుసా? విండోస్ 2012 తెలుసా?" అని ఫర్మ్‌వేర్ అడుగుతుంది. ఇందులో విండోస్ 2001 అంటే ఎక్స్‌పీ, 2006 అంటే విస్టా, 2009 అంటే విండోస్ 7, 2012 అంటే విండోస్ 8, 2015 అంటే విండోస్ 10. వచ్చిన జవాబును బట్టి ఫర్మ్‌వేర్ తన నడవడిని మార్చుకుంటుంది. కొన్ని ఆపిల్ యంత్రాలు "డార్విన్" అన్న పేరు అడుగుతాయి. ఆ పేరుకు ఔనని చెప్పకపోతే థండర్‌బోల్ట్ అనే భాగాన్ని వాడుకోనీయని యంత్రాలు కూడా వచ్చాయి.

మరి లినక్స్ ఏమని జవాబు చెప్తుంది? వింతగా ఉంటుంది గాని, "విండోస్" పేర్లన్నిటికీ ఔననే చెప్తుంది! "లినక్స్ తెలుసా?" అంటే మాత్రం, 2007లో వచ్చిన 2.6.23 నుంచి, మామూలుగా కాదనే చెప్తుంది. తన పేరును తానే కాదనడం ఎందుకు?

కారణం ఉంది. చాలామంది తయారీదారులు తమ ఫర్మ్‌వేర్‌ను విండోస్‌తోనే పరీక్షించి అమ్ముతారు. ఆ దారి ఒక్కటే నలిగిన దారి. "లినక్స్" అన్న దారిలో ఏమి రాసిపెట్టారో, అది పరీక్షించారో లేదో తెలియదు. పైగా లినక్స్ వేగంగా మారుతుంటుంది. ఒకనాటి లినక్స్‌లోని లోపానికి విరుగుడుగా ఫర్మ్‌వేర్‌లో రాసిన సవరణ, లినక్స్‌లో ఆ లోపం పోయినాక తానే ఒక లోపమై కూర్చుంటుంది. కావున నలిగిన బాటనే నడవడం క్షేమమని వారు తలచారు.

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ రూపాన్ని తయారు చేసింది. తెర మీద అక్షరాలన్నీ తెలుగే. అయినా లోపల ఉన్నది లినక్సే కనుక, ఫర్మ్‌వేర్ అడిగినప్పుడు అది కూడా పరాయి పేరుకే ఔనని తలూపవలసి ఉంటుంది.

నా తెర సంగతి

విండోస్ 8లో తెర వెలుతురును గ్రాఫిక్స్ డ్రైవరే స్వయంగా చూసుకునే పద్ధతి వచ్చింది. అందుచేత చాలా యంత్రాలలో "విండోస్ 2012" కు ఔనని జవాబు రాగానే ఫర్మ్‌వేర్ వెలుతురు పనిని సరిగ్గా చేయడం మానేసింది. లినక్స్ ఔనని చెప్పింది గాని పాత పద్ధతిలోనే ఫర్మ్‌వేర్‌ను అడుగుతూ పోయింది. 2013లో ఎన్నో లాప్‌టాప్‌లలో వెలుతురు మీటలు మూగబోయాయి. తరువాత లినక్స్ రచయితలు పద్ధతి మార్చి చాలామటుకు సరిచేశారు గాని, కొన్ని పాత యంత్రాలు మిగిలిపోయాయి.

నేను చేసిన ప్రయోగం చిన్నది. యంత్రం అదే, ఫర్మ్‌వేర్ అదే, లినక్స్ అదే. లినక్స్ మొదలయ్యే ఆదేశంలో ఒక్క మాట చేర్చి, "విండోస్ 2012" అన్న పేరుకు మాత్రం కాదని చెప్పించాను. మీట పనిచేసింది! ఆ మాట తీసేశాను, మళ్ళీ ఆగిపోయింది. తిరిగి చేర్చాను, పనిచేసింది. తెర పోలేదని అప్పుడు రూఢి అయింది. ఐతే ఇది చేసేవాళ్ళు ఒక జాగ్రత్త పాటించాలి. ఒక్క జవాబు మారితే ఫ్యాను, నిద్ర, బ్యాటరీ లెక్క కూడా మారవచ్చు. అవన్నీ పరీక్షించాకే ఆ మార్పును స్థిరం చేసుకోవాలి.

ముగింపు

కాబట్టి మొదట చెప్పిన నియమం తప్పు కాదు. పరిస్థితులు ఒకటే అని మనం పొరబడ్డాం. అడిగే ప్రశ్న ఒకటే అయినా చెప్పే జవాబు మారింది, దాంతో ఫలితం మారింది.

నిజానికి ఫర్మ్‌వేర్ "నీవెవరు?" అని గాక "నీకు ఏ పని వచ్చు?" అని అడిగితే ఈ బాధ చాలావరకు ఉండదు. ఏసీపీఐలో ఆ విధంగా అడిగే ఏర్పాటు కూడా ఉంది. పేరు చూసి పనిచేసే పద్ధతి యంత్రాలకైనా మంచిది కాదు. మిత్రులారా, మీ కంప్యూటరులో ఏదైనా పనిచేయకపోతే కొత్త భాగం కొనకముందు ఒక్కసారి ఆలోచించండి. చెడింది యంత్రమా, లేక లోపల జరిగే ప్రశ్నా జవాబులా?