ముందు గాలి చూడు

చిట్టితల్లీ,

కూరలూ పండ్లూ ఆరబెట్టే డీహైడ్రేటర్ వెయ్యి వాట్లదైతే ముక్కలు త్వరగా ఆరుతాయా అని అడిగావు. త్వరగా మాట అలా ఉంచు, వేడి ఎక్కువైతే ముక్క పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. డబ్బాలో పోశాక బూజు పట్టేది అదే. పెట్టె మీద అంకెలు చూసి సంబరపడే అలవాటు నీకెప్పుడు పోతుందే!

ఆరబెట్టేది గాలి తల్లీ. వేడి ముక్కలోని తడిని బయటికి రప్పిస్తుంది, అంతే. దాన్ని మోసుకుపోవలసింది గాలి. మన సికింద్రాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి పొడిగా ఉంటుంది కనుకే మామిడి ఒరుగులు నాలుగు ఎండలకే గలగలలాడతాయి. విశాఖలో మీ పిన్ని మేడ మీద ఎండ లేకనా అవి మెత్తబడేది? సముద్రపు గాలిలో తేమ అది. హైదరాబాద్‌లో సీడ్ సంస్థ ప్రొఫెసర్ ఎం. రామకృష్ణారావు గారు రూపొందించిన సోలార్ డ్రైయర్‌లోనూ కిటుకు ఇదే. ఎండకు పెట్టె వేడెక్కుతుంది, సోలార్ పలకతో తిరిగే ఫ్యాన్ తేమగాలిని బయటికి తోసేస్తుంది. దుమ్మూ ఈగలూ చేరవు. మీ అపార్ట్‌మెంట్‌లో మేడకు తాళం వేస్తారన్నావు గనక నీకు కరెంటుదే దిక్కు.

అందుకే ఫ్యాన్ ఎక్కడుందో ముందు చూడు. వెనక గోడకు ఉంటే గాలి ప్రతి ట్రే మీదుగా అడ్డంగా పోతుంది. అడుగున ఉంటే కింది ట్రేలు ముందే ఆరిపోతాయి, నువ్వు మధ్యమధ్యలో లేచి పైవి కిందికి మార్చాలి. నీ బద్ధకం నాకు తెలియదా? తర్వాత థర్మోస్టాట్. 35 నుంచి 70 డిగ్రీల దాకా తిప్పుకునే వీలుండాలి. కరివేపాకు, పుదీనా 40 దగ్గరే ఆరాలి, వేడి పెరిగితే సువాసన ఎగిరిపోతుంది. టమాటాకు 55 పెట్టు. కరెంటు బిల్లుకు భయపడకు, 500 వాట్లది పది గంటలు నడిచినా 5 యూనిట్లు దాటదు.

అన్నయ్య అమెరికా నుంచి తెస్తాడని కాచుకోకు. అక్కడి మెషీన్లు 120 వోల్టులవి, మన 230లో పెడితే కాలిపోతాయి.

ఆరినవాటిని గాజు సీసాలో పోసి వారం పాటు రోజూ కుదుపు. సీసా లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ ట్రేలకెక్కించు. వడియాల పిండి మాత్రం ఆ ట్రేలలో పొయ్యకు, జాలీలోంచి కారుతుంది. మే నెలలో మారేడ్‌పల్లి వచ్చెయ్, వడియాలు మన మేడ మీదే పెడదాం.

నీ పెద్దమ్మ