ఇటుక వెనుక ఋణము

వస్తువును కొనునపుడు మనము వెల నడుగుదుము. గట్టిదో నాసిదో తట్టి చూతుము. దానిని చేసిన చేతులకు కూలి ముట్టినదా యని మాత్రము అడుగము. ఆ యొక్క ప్రశ్న అడుగకపోవుటవలన ఎంత అన్యాయము సాగుచున్నదో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఉదాహరణమునకు ఇటుకను తీసికొందము. దానికిని, మనము నివసించు ఈ ఒడిషా రాష్ట్రమునకును, మన భాష మాటలాడు తెలుగునాటికిని దగ్గర సంబంధము కలదు.

1. వెట్టి యననేమి?

కూలి యీయకయో, న్యాయమైన కూలి యీయకయో, విడిచిపోవుటకు వీలులేకుండ కట్టివేసి ఒకనిచేత పని చేయించుకొనుటయే వెట్టి. నైజాము పాలనలో తెలంగాణ పల్లెలందు సాగిన వెట్టి ప్రసిద్ధము. 1946లో అచట ఆరంభమైన రైతుల పోరాటమునకు అదియు నొక కారణము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, 23వ అధికరణములో మనుష్యుల క్రయవిక్రయమును, వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించినది. అయినను వెట్టి అంతరింపలేదు, వేషము మార్చుకొన్నది. పూర్వము దొర ఆజ్ఞ బంధించెడిది; నేడు అప్పు బంధించుచున్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ తదితరులు 2022లో ప్రకటించిన అంచనానుబట్టి, 2021లో ప్రపంచమున 2 కోట్ల 76 లక్షలమంది బలవంతపు చాకిరిలో నుండిరి.

2. బయానా నడచు త్రోవ

పశ్చిమ ఒడిషాలోని బలంగీరు, నువాపడా, కలహండి జిల్లాలలో సేద్యము చాలవరకు వానపైననే ఆధారపడి యున్నది. భాద్రపదమున నువాఖాయి పండుగ వచ్చును. పండుగకును, పెండ్లికిని, వైద్యమునకును రొక్కము కావలసి యున్న ఆ దినములలోనే సర్దారు అనబడు మేస్త్రీ వచ్చి బయానా ఇచ్చును. ఇట్లు బయానాపై పోవు వలసకూలిని ఒడియాలో 'దాదన్' అందురు. బయానాను మనిషికి గాక 'పథురియా' అను జట్టునకు ఇత్తురు. సాధారణముగా భార్యాభర్తలును, ఒక పిల్లవాడును కలిసి ఒక జట్టు. వీరు కాంటాబంజి వంటి స్టేషనులలో రైలెక్కి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడులలోని ఇటుకబట్టీలకు పోవుదురు. వానలు పడకముందు తిరిగివత్తురు.

బయానా తీసికొనుట నేరము కాదు. దానిని చూపి మనిషిని కదలనీయకుండుటయే నేరము. ఆ బంధము ఎంత క్రూరమో తెలియుటకు ఒక్క సంగతి చాలును. 2013 డిసెంబరులో, తాము ఒప్పుకొన్న చోటికి గాక వేరొక చోటికి తీసికొనిపోవుచుండగా తిరుగబడిన కలహండి జిల్లా కూలీ లిద్దరి కుడిచేతులను దళారులు నరికివేసిరి.

3. ఒక లెక్క

విద్యార్థులారా, పలక తీసికొనుడు. ఇది కల్పించిన లెక్కయే గాని, బట్టీలలో సాగు పద్ధతి ఇట్టిదే. ఒక జట్టునకు బయానా 60,000 రూపాయలు. వెయ్యి ఇటుకలకు కూలి 500 రూపాయలు. తిండికి వారమునకు 600 రూపాయల చొప్పున 24 వారములు ఇత్తురు. దానిని కూలిలో తగ్గింతురు. జట్టు 1,20,000 ఇటుకలు కోసినది. ఇపుడు లెక్క తేల్చుడు.

సంపాదించినది 60,000 రూపాయలు. పుచ్చుకొన్నది బయానా 60,000, తిండిఖర్చు 14,400, వెరసి 74,400 రూపాయలు. ఆరునెలలు కష్టపడిన పిదప ఇంకను 14,400 రూపాయల అప్పు మిగిలినది! విరిగినవని చెప్పి యజమాని నూటికి 5 ఇటుకలు కొట్టివేసినచో, అప్పు 17,400 రూపాయలగును. ఆ అప్పు తీరుటకు మరుసటి యేడును రావలయును.

ముగ్గురు, వారమునకు 6 దినముల చొప్పున, 24 వారములు పనిచేసినచో 432 పనిదినములు. 60,000 రూపాయలను వానిచే భాగింపగా దినమునకు 139 రూపాయలైనను రాలేదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ కనిష్ఠ వేతనమే 178 రూపాయలు. ఆ ముగ్గురిలో ఒకడు బడిలో నుండవలసిన బాలుడని మరువకుడు. లెక్కపుస్తకము ఎవరి చేతిలో నుండునో, బలమును వారి చేతిలోనే యుండును.

4. చట్టమేమి చెప్పుచున్నది?

1975లో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన శాసనము ప్రకారము, వెట్టికి కారణమైన అప్పు రద్దయినట్లే. దానిని తీర్చనక్కరలేదు, వసూలు చేయరాదు. వెట్టి చేయించినవారికి 3 సంవత్సరములవరకు ఖైదును, 2,000 రూపాయలవరకు జుల్మానాయును విధింపవచ్చును. అది వెట్టి అప్పు కాదని ఋజువు చేయవలసిన భారము అప్పిచ్చినవానిదే గాని కూలివానిది కాదు. 2016 నాటి కేంద్ర పథకము విముక్తులైనవారి పునరావాసమునకు పురుషులకు 1 లక్ష, స్త్రీలకును పిల్లలకును 2 లక్షలు, మిక్కిలి ఘోరమైన సందర్భములలో 3 లక్షల రూపాయలు నిర్ణయించినది.

5. గొలుసులో బాధ్యత ఎవరిది?

మేడ కట్టించువాడు గుత్తేదారును చూపును. గుత్తేదారు బట్టీ యజమానిని, యజమాని సర్దారును చూపును. లాభము మెట్టుమెట్టుగా పైకెక్కుచున్నది. నింద మెట్టుమెట్టుగా క్రిందికి దిగుచున్నది. ఈ వాదమునకు మన సుప్రీంకోర్టు 1982లోనే సమాధానమిచ్చినది. ఆ యేడు ఢిల్లీలో ఆసియా క్రీడలకై కట్టడములు లేచుచుండెను. కూలీలకు దినమునకు 9 రూపాయల 25 పైసలు రావలసి యుండగా, నడుమనున్న జమాదారులు 1 రూపాయి మిగుల్చుకొని 8 రూపాయల 25 పైసలే ఇచ్చుచుండిరి. పని గుత్తకిచ్చితిమి గదా యని ప్రభుత్వము తప్పుకొనజాలదనియు, కనీస వేతనమునకు తక్కువ ఇచ్చి పని చేయించుకొనుట రాజ్యాంగము నిషేధించిన బలవంతపు చాకిరియే యనియు న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆకలియు సంకెలయే యని దాని తాత్పర్యము.

బ్రిటనులో 2015 నాటి చట్టము, సాలుకు 3 కోట్ల 60 లక్షల పౌనులు, అంతకు మించిన వ్యాపారము గల సంస్థలు తమకు సరకు చేర్చు గొలుసులో బానిసత్వము లేకుండ చేయుటకు ఏమి చేసితిమో ఏటేట ప్రకటింపవలెనని కోరినది. ఆస్ట్రేలియా 2018లో అట్టి చట్టమునే చేసినది. అయితే బ్రిటను చట్టములో నొక లోపము కలదు: ఏమియు చేయలేదని వ్రాసినను చట్టమును పాటించినట్లే యగును. కాగితము చాలదు. కొనువాడు బట్టీకి పోయి చూడవలెను. కూలీలతో వారి భాషలో మాటలాడవలెను. కూలికి సరిపడు ధర ఇటుకకు ఈయవలెను. ఇటుకను చౌకగా అడిగినవాడే కూలిని చౌక చేయుచున్నాడు.

6. మనమేమి చేయగలము?

బట్టీలో లెక్క తెలుగులోనో తమిళములోనో వ్రాయుదురు. కూలికి వచ్చినది ఒడియా. బడి దగ్గరనే యున్నను ఆ పిల్లలకు అచటి పలుకు తెలియదు. పరభాషల నడుమ మాతృభాషలో చదువు నిలుపుకొనుటకు పాటుపడుచున్న మనకు ఆ కష్టమును వేరుగా వివరింపనక్కరలేదు. తెలుగునాట కొన్ని బట్టీల చెంత ఒడియా ఉపాధ్యాయులతో, ఒడిషానుండి వచ్చిన పుస్తకములతో పాఠశాలలు నడపబడినవి. తలిదండ్రులు వలసపోయినపుడు పిల్లలు ఊరనే యుండి చదువుకొనుటకు ఒడిషాలో ఋతుకాల వసతిగృహములును ఏర్పడినవి.

రెండు లిపులు నేర్చిన విద్యార్థులు ఇందు చేయగల సాయము చిన్నది కాదు. బయానా తీసికొనువారికి ఒప్పందమును చదివి వినిపింపుడు. ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేయవద్దనియు, ఆధారు కార్డును, రేషను కార్డును ఎవరికిని అప్పగింపవద్దనియు చెప్పుడు. పోవువారి పేర్లు, పోవు చోటు, మేస్త్రీ ఫోను నంబరు పంచాయతీలో వ్రాయింపుడు. ప్రతి దినము కోసిన ఇటుకల సంఖ్యను, పుచ్చుకొన్న రొక్కమును వ్రాసికొనుటకు ఒక చిన్న పుస్తకమును వారి చేతికిండు. ఆపద వచ్చినపుడు జిల్లా కలెక్టరుకుగాని, సబ్‌కలెక్టరుకుగాని తెలుపవలెను. పిల్లల విషయమున 1098, ఉచిత న్యాయసహాయమునకు 15100 అను ఫోను నంబరులు కలవు.

అభ్యాసము

1. వెట్టి అప్పును తీర్చనక్కరలేదని ఏ చట్టము చెప్పుచున్నది?
2. పై లెక్కలో కూలి వెయ్యి ఇటుకలకు 700 రూపాయలైనచో, నూటికి 5 కొట్టివేయకయు, కొట్టివేసియు, కూలివాని చేతికి ఎంత మిగులును?
3. మీ యింటివారి నడిగి తెలిసికొనుడు: మీ యిల్లు కట్టిన ఇటుకలు ఏ బట్టీవి? వానిని కోసినవారు ఏ యూరివారు?