చందా పెట్టెలో మెరిసే బిళ్ల: ప్రూఫ్ నాణేన్ని గుర్తుపట్టడం ఎలా?



ఏలూరు, తాడేపల్లిగూడెం బజార్లలోను, కొల్లేటి లంక గ్రామాల మసీదుల వద్దా ఉంచే చందా పెట్టెల్లో నోట్లకంటె చిల్లరే ఎక్కువ. చేపల సంతలో చేతులు మారిన బిళ్లలు తడికీ ఉప్పుకీ నల్లబడి వస్తాయి. వాటి మధ్య ఒక్కోసారి అద్దంలా మెరిసే నాణెం కనబడుతుంది. అది ప్రూఫ్ నాణెమా, కొత్త నాణెమా, ఎవరో రుద్ది తోమినదా? లెక్కపెట్టేవారికీ, ఇంట్లో పాత డబ్బాలు తెరిచేవారికీ ఈ చిన్న పాఠం పనికివస్తుంది.

ప్రూఫ్ నాణెం అంటే ఏమిటి?

ఇది ఖర్చుకోసం కాక, దాచుకునేవారికోసం టంకశాలలో ప్రత్యేకంగా తయారుచేసే నాణెం. మెరుగుపెట్టిన అచ్చుల మధ్య మెరుగుపెట్టిన బిళ్లనుంచి, ఒకటికంటె ఎక్కువసార్లు నెమ్మదిగా ముద్ర వేస్తారు. పెట్టెలో అమర్చి ముఖవిలువకంటె ఎక్కువ ధరకు అమ్ముతారు. మన దేశంలో 1969లో గాంధీజీ శతజయంతికి 20 పైసలు, 50 పైసలు, రూపాయి, వెండి పది రూపాయల నాణేలు వచ్చాయి. వాటిలో చలామణికి వదిలినవీ, ప్రూఫ్‌గా అమ్మినవీ రెండూ ఉన్నాయి. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ, 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్.టి.ఆర్. శతజయంతి నాణెం. హైదరాబాదు టంకశాల ముద్రించిన ఆ నాణెం ముఖవిలువ 100 రూపాయలే అయినా, సగం వెండి ఉన్న దాన్ని నాలుగు వేలకు పైబడిన ధరకు అమ్మారు.

ఇలాంటివి సాధారణంగా బజారుకు రావు. పెద్దలు దాచిన పెట్టెను తెలియక పిల్లలు తెరిచినప్పుడో, దొంగసొత్తు చేతులు మారినప్పుడో చిల్లరలో కలుస్తాయి.

ఏం చూడాలి?

1. అంచులు పట్టుకుని పగటి వెలుతురులో అటూ ఇటూ వంచండి. ప్రూఫ్‌లో నేలభాగం అద్దంలా ఉంటుంది. బొమ్మ మాత్రం చాలావాటిలో తెల్లగా, మంచు పట్టినట్టు ఉంటుంది.

2. కొత్త చలామణి నాణేన్ని వంచితే, వెలుగు బండిచక్రపు ఆకుల్లా తిరుగుతుంది. అది ప్రూఫ్ కాదు.

3. తోమిన నాణెంలో బొమ్మా నేలా ఒకేలా మెరుస్తాయి. భూతద్దంలో సన్నటి గీతలు కనబడతాయి.

4. ప్రూఫ్‌లో అక్షరాల అంచులు, చుట్టూ ఉన్న గట్టు పదునుగా ఉంటాయి. చేతులు మారి అరిగినా, అక్షరాల సందుల్లో అద్దపు మెరుపు కొంత మిగులుతుంది.

5. సంవత్సరం కింద చూడండి. మామూలుగా హైదరాబాదుకు నక్షత్రం, ముంబయికి వజ్రాకారం, నోయిడాకు చుక్క ఉంటాయి. కలకత్తాకు గుర్తు ఉండదు. ముంబయి ప్రూఫ్ నాణేలకు మొదట ‘బి’, 1990ల నడిమి తరువాత ‘ఎమ్’ అక్షరం వేశారు. అక్షరం ఒక ఆధారమే, అదొక్కటే చాలదు.

చింతపండుతోగాని, బూడిదతోగాని తోమకండి. నాణెం విలువ పోయేది అక్కడే. పలుచని కాగితంలో చుట్టి పొడిచోట ఉంచండి.

మోసపోవద్దు

పాత నాణేనికి లక్షలు ఇస్తామని ఫోను చేసి, ముందుగా రుసుము కట్టమనేవారున్నారు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఇలా అడిగేవారిని నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. తాను అలాంటి కొనుగోళ్లు, అమ్మకాలు చేయనని స్పష్టంచేసింది. కొనేవాడు డబ్బు ఇస్తాడుగాని అడగడు.

అలాగే కొత్తగా కనబడిన ప్రతి నాణేన్నీ అనుమానించవద్దు. పది రూపాయల బిళ్లను మన దుకాణాల్లో కొందరు తీసుకోవడంలేదు. అప్పటికి 14 నమూనాల్లో వచ్చిన ఆ నాణేలన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. పేదవాడు తెచ్చిన పది రూపాయలను మసీదు గుమ్మంలోనూ కాదంటే, అతని సదఖాకు చోటెక్కడ?

ఇది అమానత్

పెట్టెలో విలువైన నాణెం దొరికితే అది లెక్కపెట్టినవారి అదృష్టం కాదు. దాని బదులు మామూలు బిళ్ల వేసి దీన్ని తీసుకుంటే లెక్క సరిపోతుంది, అమానత్ మాత్రం సరిపోదు. పైగా వేసినవారికి దాని విలువ తెలిసి ఉండకపోవచ్చు. తాత దాచిన నాణేన్ని మనవడు తెచ్చి వేసి ఉండవచ్చు. దొరికిన సొమ్మును గుర్తులు తెలుసుకుని ఏడాదిపాటు ప్రకటించమని దైవప్రవక్త (స) నేర్పారు. పెట్టెలో వేసినది పోగొట్టుకున్న సొమ్ము కాకపోయినా, ఆ జాగ్రత్త ఇక్కడా మేలే.

కాబట్టి పెట్టెను ఇద్దరికి తక్కువ కాకుండా కూర్చుని తెరవాలి. అటువంటి నాణెం కనబడితే పుస్తకంలో సంవత్సరం, ముఖవిలువ, గుర్తు రాసి ఇద్దరూ సంతకం చేయాలి. జుమా తరువాత గుర్తులు పూర్తిగా చెప్పకుండా ప్రకటించాలి. సరైన గుర్తులు చెప్పి అడిగినవారికి తిరిగి ఇవ్వాలి. ఎవరూ రాకపోతే ఉలమాను సంప్రదించి, తెలిసిన ఇద్దరు ముగ్గురు నాణెపు వర్తకులకు చూపించి అమ్మాలి. వచ్చిన పైకమంతా దాత ఉద్దేశించిన పద్దులోనే జమ కావాలి.

రూపాయి వేసినవారు మనల్ని లెక్క అడగరు. అడగనివారికి కూడా లెక్క చెప్పగలిగేలా ఉండాలన్నదే మా మనవి. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.