వట్టి కాళ్ళతో గెలిచిన షీల్డు

"ఏదో జట్టు గెలిస్తే మనకేం ఒరుగుతుంది?" హాస్టల్లో తరచూ వినపడే ప్రశ్నే ఇది. నాకు దొరికిన మంచి జవాబు 1911 నాటి కలకత్తాలో ఉంది.

1905లో కర్జన్ బెంగాల్‌ను రెండుగా చీల్చాడు. ఆ గాయం మానకముందే, 1911 జూలై 29న ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ జట్టు బ్రిటిష్ సైనికుల ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌తో తలపడింది. మనవాళ్ళలో పదిమంది బూట్లు లేకుండానే ఆడారు. మైదానం కనపడనంత దూరంలో ఉన్న జనానికి గాలిపటాలు ఎగరేసి స్కోరు చెప్పారట! మొదటి గోల్ సైనికులదే. శివదాస్ భాదురి సమం చేశాడు, అభిలాష్ ఘోష్ గెలిపించాడు. 2-1.

నేను గమనించినవి రెండు విషయాలు. ఆఫీసులో, వీధిలో తెల్లవాడిదే పైచేయి. మైదానంలో మాత్రం ఇద్దరికీ ఒకటే రూల్సు. అందుకే ఆ గెలుపును ఎవరూ కాదనలేకపోయారు. రెండోది, ఆ జట్టులో తూర్పు బెంగాల్ మూలాలున్నవాళ్ళూ ఉన్నారు. మ్యాపు మీద గీత పడినా, సంబరం ఇరువైపులదీ అయింది.

అదే డిసెంబరులో విభజన రద్దయింది. ఆ ఘనత ఫుట్‌బాల్‌కి కాదు, మన రాజమండ్రి దాకా పాకిన వందేమాతరం ఉద్యమానికి దక్కాలి. ఆట కష్టాన్ని తీర్చదు. కష్టపడుతున్నవాళ్ళకి "మనవల్ల అవుతుంది" అనే నమ్మకం ఇస్తుంది. ఈసారి మన కాలేజీ జట్టు ఆడుతుంటే గ్యాలరీకి వచ్చి చూడండి, మీకే తెలుస్తుంది.