సెల్లార్‌లో మరుగుదొడ్డి కట్టే ముందు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో డ్రైనేజీ పైపుల పని చేస్తూనే నా వయసంతా గడిచింది. ఇప్పుడు సైటుకు వెళ్లడం మానేశాను. అయినా కుర్ర ప్లంబర్లు, అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లు ఫోన్ చేస్తూనే ఉంటారు. వాచ్‌మన్‌కీ డ్రైవర్లకీ సెల్లార్‌లో బాత్‌రూం కట్టడం ఎలా అన్నదే ఎక్కువమంది అడిగేది. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు పైన చోటు వెతకండి. స్టిల్ట్ ఉన్న బిల్డింగయితే సెల్లార్ మాట తర్వాత. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అదే జీవో 168, స్టిల్ట్ ఫ్లోరులో 25 చదరపు మీటర్లకు మించకుండా వాచ్‌మన్ గదికీ రెండు మరుగుదొడ్లకూ వీలిచ్చాయి. పార్కింగుకూ బండ్ల దారికీ అడ్డు రాకూడదు, అంతే. రోడ్డు మట్టానికి పైన కడితే మురుగు వాటం మీద దానంతటదే పోతుంది. మోటారు అక్కర్లేదు, కరెంటు పోతుందన్న బెంగా ఉండదు. నాలుగు స్కూటర్లు జరపడం ఇష్టంలేక బాత్‌రూమును కిందికి తోసేసే కమిటీలున్నాయి. అది తప్పు.

2. కింద కట్టక తప్పదంటే, రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత మట్టం చూసుకోండి. లెవెల్ పైపులో నీళ్లు నింపి, ఒక కొస మూత దగ్గరా రెండో కొస సెల్లార్ పిల్లర్ దగ్గరా పట్టుకుని, నీళ్లు నిలిచినచోట ఎర్ర గీత గీయండి. చాలాచోట్ల ఆ గీత మన తలకన్నా ఎత్తున, దూలం కిందగా పడుతుంది. కమోడేమో నేలమీద ఉంటుంది. రోడ్డు లైను నిండిన రోజున మురుగు ఆ గీత దాకా ఎగదన్నగలదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఈ ఊరివాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు సెల్లార్లలోకి నీళ్లు ర్యాంపు మీంచే దిగలేదు, కమోడ్లలోంచి, నహానీ ట్రాపుల్లోంచి కూడా పొంగాయి.

కింద కట్టిన బాత్‌రూం మురుగును ఒక గోతిలో చేర్చి పంపుతో ఎత్తిపోయాలి. ఆ పంపు నుంచి వచ్చే పైపును ఎర్ర గీతకు పైకి ఎక్కించి, అక్కడ వంపు తిప్పి, ఆ తర్వాతే చాంబరులోకి దించాలి. పంపు మీద నాన్ రిటర్న్ వాల్వు, దాని మీద గేట్ వాల్వు ఉండాలి. వాల్వు ఉంది కదా అని వంపు మానేయొద్దు. చిన్న గుడ్డపీలిక ఇరుక్కున్నా వాల్వు మూసుకోదు. పైపు ఎత్తుకు ఆ బెడద లేదు.

3. రాఫ్ట్ మీద, అంటే సెల్లార్ అడుగు కాంక్రీటు మీద, సుత్తి పడకూడదు. కట్టేసిన బిల్డింగులో నేల పగలగొడితే కమ్మీ తెగుతుంది, వానాకాలంలో భూమిలోని ఊట పైకి వస్తుంది. నేలను రెండు మెట్ల ఎత్తు లేపి, ఆ ఎత్తులోనే పైపులు నడపండి. నాలుగంగుళాల పైపుకు పది అడుగులకు రెండున్నర అంగుళాల వాటం సరిపోతుంది. ఎత్తు లేపితే దూలం తలకు తగులుతుందనుకుంటే, వెనక్కి అవుట్‌లెట్ ఉన్న కమోడు పెట్టి, దాని వెనకే మురుగును మెత్తగా నలిపి సన్నటి పైపులోంచి నెట్టే పంపు బిగించవచ్చు. అది ఒకరిద్దరు వాడేచోటికే పనికొస్తుంది. పదిమంది వాడేచోట తట్టుకోదు.

4. పంపు దగ్గర పొదుపు చేయొద్దు. మంచినీళ్ల సంపు మోటారునే మురుగులో దించేవాళ్లను చూశాను. లోపలి చక్రానికి వెంట్రుకలూ పీలికలూ ఉండలా చుట్టుకుని మోటారు కాలిపోతుంది. గట్టి పదార్థాన్ని కోసి పంపే కట్టర్ పంపే కావాలి. ఒకటి కాదు, రెండు. ఒకటి ఆగితే రెండోది అందుకోవాలి. రెండింటినీ జనరేటర్ లైనుకు కలపండి, ఆర్సీసీబీ తప్పక పెట్టండి.

ఫ్లోట్ స్విచ్‌ను గోడకు దూరంగా వేలాడదీయాలి. దాని తీగ పంపు వైరుకు చుట్టుకుంటే ఫ్లోట్ బుర్ర పైకి లేవదు, మోటారు ఆన్ కాదు, గొయ్యి పొంగుతుంది. బిగించాక బక్కెట్లతో నీళ్లు పోసి, బుర్ర లేవడం, మోటారు అందుకోవడం, నీళ్లు దిగాక ఆగడం మీ కళ్లతో చూశాకే మూత వేయండి. మట్టం దాటితే మోగే బెల్లు సెక్యూరిటీ కుర్చీ దగ్గర పెట్టండి.

గొయ్యి పెద్దదిగా కడితే మంచిదనుకుంటారు. నిలవ మురుగు కుళ్లి గ్యాసు పుట్టిస్తుంది. పంపు మునగడానికీ, ఒక పూట వాడకానికీ చాలినంత ఉంటే సరి.

5. గొయ్యికి విడిగా గాలి పైపు వేసి డాబా మీది పిట్టగోడ దాటించండి. సెల్లార్ కప్పు కిందే వదిలేస్తే కంపంతా అక్కడ పడుకునేవాళ్లకే. గాలి ఆడకపోతే ట్రాపులో నిలిచే రెండంగుళాల నీళ్లు కూడా లాగేసుకుపోతాయి. కమోడు కింద వైట్ సిమెంటు ఎంత బాగా పూసినా అప్పుడు కంపు ఆగదు.

6. వాడేవాళ్లను అడిగి కట్టండి. వాచ్‌మన్ భార్యను అడగండి, ఊడవడానికి వచ్చే ఆడవాళ్లను అడగండి. ఇండియన్ కమోడా వెస్టర్నా, గడియ ఏ ఎత్తున ఉండాలి, లైటు స్విచ్ బయటా లోపలా వాళ్లే చెబుతారు. మూత ఉన్న చెత్తబుట్ట తప్పనిసరి. అది లేనిచోట ప్యాడ్లు కమోడులో పడతాయి, పంపు ఆగుతుంది, నింద వాళ్ల మీద పడుతుంది. బుట్ట పెట్టనిది మనం.

7. ఆ గోతిలోకి మనిషి దిగే అవసరం రాకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఏమీ లేదనుకుని దిగినవాడు పడిపోతాడు, అతన్ని లాగబోయినవాడూ పడిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని డ్రైనేజీలోకో సెప్టిక్ ట్యాంకులోకో దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అలాంటి మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలుగా 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పెంచింది. పంపును పైనుంచే లాగడానికి గైడు పైపులూ స్టీలు గొలుసూ మొదటి రోజే పెట్టించండి. పూడిక తీయడానికి మిషను లారీ పైపు అందేలా మూత చోటు చూసుకోండి. ఇంత ఖర్చెందుకని కమిటీ అంటే, తమ్ముళ్లూ, ఆ పని ఒప్పుకోకండి.