సాధనే బలం

గోదావరి నడుమ దేవకూటాద్రిపై వెలసిన వీరభద్రస్వామి ఆలయం వలన పట్టిసీమ ప్రసిద్ధ శైవక్షేత్రమైనది. మహాశివరాత్రినాడు వేలాది భక్తులు నదిని దాటి ఆ కొండ మెట్లు ఎక్కుతారు. ఇంటర్మీడియట్ చదివే రోజులలో నేను ఆ మెట్లను పరుగున ఎక్కేవాడిని. తరువాత పరీక్షలు, పరిశోధన, ఉద్యోగం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కూర్చోవడం అలవాటైంది, నడక తప్పిపోయింది. యాభై ఏళ్లు దాటాక ఒక శివరాత్రినాడు సగం మెట్లెక్కేసరికే ఆయాసంతో కూలబడ్డాను. నాకంటె వయసులో పెద్దవాడైన ఒక పడవవాడు కొబ్బరికాయల బస్తా భుజాన వేసుకొని నన్ను దాటుతూ, "కొండేమీ పెరగలేదండి మాస్టారూ! తమరే రావడం మానేశారు" అన్నాడు. పరిహాసంగా పలికిన ఆ మాటే నాకు గుణపాఠమైంది.

శరీరం తనకు ఎదురైన పనిని బట్టి తనను తాను మలచుకొంటుంది. అలవాటుకు మించిన భారం పడినపుడు కండరం విశ్రాంతి సమయంలో కోలుకొని మునుపటికంటె దృఢమవుతుంది. అందుచేత భారం క్రమక్రమంగా పెరగాలి. తగిన ఆహారం, నిద్ర తోడుకావాలి. తొలి వారాలలో కండ పెరిగినట్లు కనిపించదు. అయినా బలం పెరుగుతూనే ఉంటుంది. కండరాలను సమర్థంగా పనిచేయించే నేర్పును నాడీమండలం ముందుగా అలవరచుకోవడమే దీనికి కారణం. కంటికి కనిపించని ఈ ప్రగతిని గుర్తింపక, అద్దంలో మార్పు లేదని నిరాశ చెంది సాధన విడిచిపెట్టేవారు అనేకులు.

బలం పుట్టుకతోనే రావాలని భావించేవారు కరణం మల్లీశ్వరి జీవితాన్ని పరిశీలించాలి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో పెరిగిన ఆమె, పన్నెండేళ్ల ప్రాయంలో నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులెత్తడం ఆరంభించింది. 1994, 1995 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచింది. మహిళల వెయిట్ లిఫ్టింగ్‌కు ఒలింపిక్ క్రీడలలో తొలిసారి చోటు లభించిన 2000 సిడ్నీ పోటీలలో 69 కిలోల విభాగంలో పాల్గొన్నది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కింది. ఆ ఒక్కనాటి విజయం వెనుక పుష్కరకాలం మించిన సాధన ఉన్నది.

మనమందరం పతకాలు గెలవనక్కరలేదు. ఐదు నుండి పదిహేడేళ్ల వయసువారు సగటున రోజుకు అరవై నిమిషాలు శరీరశ్రమ చేయాలనీ, వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇందుకు ఖరీదైన జిమ్ అవసరం లేదు. దండీలు, బస్కీలు, మెట్లెక్కడం చాలు. మొదట ఐదు బస్కీలతో ఆరంభించి, అవి సులువైన తరువాతనే సంఖ్య పెంచాలి.

నిత్యం చేసే ఒక పనికి వ్యాయామాన్ని ముడివేస్తే అలవాటు నిలుస్తుంది. ఉదాహరణకు, పళ్లు తోముకోగానే. లండన్ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు స్థిరపడటానికి పట్టిన మధ్యగత కాలం 66 రోజులని తేలింది. కొందరికి 18 రోజులు చాలగా, కొందరికి 254 రోజులు పడుతుందని అంచనా వేశారు. ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటుకు చెప్పుకోదగ్గ హాని కలగలేదు. కనుక తప్పిన రోజును తలచుకొని చింతించక, మరునాడు తిరిగి ఆరంభించడమే సాధకుని లక్షణం.

పడవవాని మాట విన్న మరునాటి నుండి నేను ఇంటి మెట్లతోనే ఆరంభించాను. మరుసటి శివరాత్రికి ఒక్కసారి మాత్రమే ఆగి కొండ ఎక్కాను. విద్యార్థులారా! నేను యాభై ఏళ్లకు నేర్చిన పాఠం మీకు పదహారేళ్లకే అందుతున్నది. పరీక్షలయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.

అర్థాలు
గుణపాఠం : అనుభవం నేర్పిన బుద్ధి
ప్రాయం : వయస్సు
పుష్కరకాలం : పన్నెండేళ్లు
మధ్యగతం : వరుసలో నడిమి విలువ

ప్రశ్నలు
1. పడవవాని మాటలోని అంతరార్థాన్ని వివరించండి.
2. తొలి వారాలలో సాధన విడిచిపెట్టరాదని రచయిత చెప్పడానికి కారణమేమి?
3. మీ దినచర్యలో వ్యాయామాన్ని ఏ పనికి ముడివేస్తారో సొంత మాటల్లో రాయండి.